వెనకవైపు ఎక్స్‌రే గది

అమలాపురం దాటి ముమ్మిడివరం వైపు వెళ్తుంటే కాలవ పక్కన ఒక పిల్లల ఆస్పత్రి ఉంది. పేరెందుకు లెండి... అటు వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతా వాళ్ళకి చెప్పినా తెలీదు. పగలు చూస్తే తీర్థమే. జ్వరాల పిల్లలు, దగ్గుల పిల్లలు, ముక్కులో శనగగింజ పెట్టుకున్న ఘనులు, వాళ్ళని తిట్టుకుంటూ ఎత్తుకొచ్చిన అమ్మమ్మలు. చీకటి పడితే మాత్రం ముందువైపు ఎమర్జెన్సీ వార్డు ఒక్కటే మేలుకుని ఉంటుంది.

ఆ వార్డు వెనక తలుపు తీస్తే పొడుగాటి వసారా. వసారా చివర, మిగతా బిల్డింగుకి ఎడంగా ఒక గది. మందపాటి గోడలు, కిటికీలు లేవు. తలుపు మీద ఎర్ర బల్బు. ఆస్పత్రి ఎక్స్‌రే గది అదే.

ఆ గదికి మంచి పేరు లేదు.

రాత్రిపూట ఆ గదిలో తీసిన ఎక్స్‌రేల్లో చేతులు పడతాయని చెప్పుకుంటారు. ఓస్, చేతులు పడితే వింతేముంది అంటారా? నిజమే. బల్ల మీద పడుకోబెడితే కదలకుండా ఉండే చంటిపిల్లాణ్ణి ఎవరైనా చూసేరా? అందుకే తల్లికో తండ్రికో బరువైన సీసం ఏప్రన్ తొడిగి, పిల్లాణ్ణి పట్టుకోమంటారు. వాళ్ళ వేళ్ళు ఒక్కోసారి బొమ్మలో అంచున పడతాయి. అందులో భయపడాల్సింది ఏమీ లేదు.

కానీ... పట్టుకున్నది తండ్రైతే, బొమ్మలో ఆడమనిషి చేతులు పడితే? పట్టుకున్నది ఒక్కరే అయితే, మూడో చెయ్యి కనపడితే?

పిల్లల్ని లాక్కుపోవడానికే వస్తుందిట అది. ఆ చెయ్యి పడిన పిల్లాడు మళ్ళీ ఇల్లు చేరడుట. ఎవరు చూసేరయ్యా అంటే ఎవరూ చూళ్ళేదు. అయినా కిళ్ళీకొట్టు దగ్గర్నుంచి ఆటో స్టాండు దాకా అందరూ చెప్పేరు. దాంతో రాత్రిపూట ఎక్స్‌రే అనేసరికి తల్లులు "పొద్దున్న తీయించుకుంటామండీ" అని డాక్టర్ల కాళ్ళావేళ్ళా పడేవారు.

అలాంటి చోట ఉద్యోగంలో చేరింది శారోన్.

శారోన్‌ది రాజోలు దగ్గర పల్లెటూరు. తండ్రి సాలమోను గారు హైస్కూల్లో సైన్సు మేష్టారు. ఎవరైనా దెయ్యాన్ని చూశామంటే "బరువెంత ఉందండీ, తూచేరా?" అని అడిగే మనిషి. ఆయన పెంపకం మరి! కాకినాడలో ఎక్స్‌రే టెక్నీషియన్ కోర్సు చదువుకుని వచ్చిన శారోన్‌కి భయం అనేది ఒక్క బొద్దింకలంటేనే.

ఆ ఉద్యోగం వదిలేసి హైదరాబాదు వెళ్ళిపోతున్న రాజ్ కుమార్, తాళాలు చేతిలో పెడుతూ అడిగేడు.

"చేతుల సంగతి విన్నారా?"

"విన్నానండి. ప్లేటు సరిగ్గా చెరపలేదేమో. అంతేగా!"

ఆ అమ్మాయి చెప్పినదాంట్లో తప్పేం లేదు. ఎక్స్‌రే బొమ్మ పడేది ఒక ప్లేటు మీద. ఒక పిల్లాడి బొమ్మ తీశాక ఆ ప్లేటుని మెషీన్లో పెట్టి శుభ్రంగా చెరిపెయ్యాలి. బద్ధకించి వదిలేస్తే, పాత బొమ్మ నీడ కొత్త బొమ్మలో తేలుతుంది. పొద్దున్న పట్టుకున్న తల్లి చెయ్యి రాత్రి పిల్లాడి పక్కన కనపడుతుంది. చదువుకున్న వాళ్ళెవరికైనా తెలిసిన సంగతే.

రాజ్ కుమార్ తల ఊపేడు. "ఆయ్... నేనూ మొదట్లో అలాగే అనుకున్నానండి" అన్నాడు. శారోన్ ఇంకేదో అడగబోయింది. అప్పటికే బండెక్కి వెళ్ళిపోయేడు.

ఇక ఆయా కనకరత్నం మామ్మ ఉంది. ఆస్పత్రి కట్టినప్పట్నుంచీ ఉన్న మనిషి. కొత్త నర్సుల్ని హడలగొట్టే నోరు. ఆవిడ కూడా దీపాలు పెట్టాక ఆ వసారాలోకి అడుగుపెట్టదు. శారోన్ వేళాకోళం చేస్తే మాత్రం మూతి ముడుచుకునేది.

"నవ్వు తల్లీ నవ్వు. నీ వయసులో నేనూ నవ్వేను."

శారోన్ రోజూ డ్యూటీ ఎక్కగానే ప్లేట్లన్నీ తన చేత్తో చెరిపేది. చేరి నెలలు గడిచేయి. ఏ చెయ్యీ పడలేదు.

ఆ వాన రాత్రి వచ్చేదాకా.

గోదావరి మీదనుంచి హోరుమని గాలి. ఊళ్ళో కరెంటు పోతోంది, వస్తోంది. వార్డులో జనం లేరు. అలాంటప్పుడు గేటు ముందు ఒక ఆటో ఆగింది. పిల్లాణ్ణి కొంగులో చుట్టుకుని ఒక అమ్మాయి తడిసి ముద్దయి దిగింది. పేరు కీర్తి. ఆటో తోలుకొచ్చింది ఆమె మరిది నాగబాబు. మొగుడు గంగబాబు ముమ్మిడివరం అవతల రొయ్యల చెరువు మీద ఉన్నాడు. కరెంటు లేకపోతే చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు జనరేటరు మీద తిప్పాలి, ఆగితే రొయ్యలన్నీ చస్తాయి. ఫోను కలవటం లేదు.

పిల్లాడు వెంకటసాయి. ఇంకా గోడ పట్టుకుని నడిచే వయసు. పొద్దుట్నుంచీ ఉన్నట్టుండి కాళ్ళు ముడుచుకుని కెవ్వుమనేవాడట, కాసేపు ఊరుకునేవాడట, మళ్ళీ కెవ్వు. సాయంత్రం వాంతులు. చీకటి పడ్డాక గుడ్డలో ఎర్రగా, జిగురుగా పడింది. ఆ తర్వాత ఏడుపు మానేశాడు.

"ఏడుపు మానేశాడని కాస్త నయమనుకున్నానండీ" అంది కీర్తి. ఆ మాట వినగానే డాక్టరు సత్యప్రియ గారి మొహం మారిపోయింది.

"స్కానింగ్ మెషీను లాక్కురండి" అన్నారావిడ.

చక్రాల మెషీను గడగడమంటూ మంచం దగ్గరికి వచ్చింది. పిల్లాణ్ణి తల్లి ఒళ్ళోంచి తియ్యకుండానే, జెల్ అరచేతిలో రుద్ది వెచ్చచేసి పొట్ట మీద రాసేరు డాక్టరు గారు. ప్రోబ్, అంటే ఆ స్కానింగు పిడి, మెల్లిగా జరుపుతున్నారు. తెరమీద బూడిదరంగు అలలు... అలలు... ఒక్కచోట ఆగేరు. గుండ్రంగా ఒక చక్రం. దాని లోపల ఇంకో చక్రం.

"చూడమ్మా కీర్తీ. పేగు పేగులోకి దూరింది. చొక్కా విప్పేటప్పుడు చెయ్యి లోపలికి మడతపడుతుంది చూడు, అలాగ. కింద నుంచి సన్న గొట్టంతో సెలైన్ నీళ్ళు ఎక్కిస్తాను. ఆ ఒత్తిడికి మడత వెనక్కి వస్తుంది. ఆపరేషన్ అక్కర్లేదు."

"ఎక్కించెయ్యండి డాక్టరుగారూ..."

"ఒకటే అడ్డు. పేగుకి ఇప్పటికే చిల్లు పడుంటే నీళ్ళు ఎక్కించకూడదు. ప్రాణానికే ముప్పు. అప్పుడు కాకినాడ తీసికెళ్ళి పొట్ట కొయ్యాలి. ఈ వానలో... వీడి ఒంట్లో అంత ఓపిక ఉందా అంటే..." ఆవిడ ప్రోబ్ తుడిచి పక్కన పెట్టేరు. "చిల్లు పడితే పొట్టలో గాలి చేరుతుంది. ఎక్స్‌రేలో తెలిసిపోతుంది. శారోన్, పక్కకి తిప్పి ఒకటి తియ్యి. ఇప్పుడే."

మందుల బీరువా దగ్గర నిలబడ్డ కనకరత్నం మామ్మ దగ్గరికొచ్చి గుసగుసగా అంది. "డాక్టరమ్మా... ఆ గదిలోకి వద్దమ్మా... తెల్లారనివ్వండి..."

"తెల్లారేదాకా పేగు ఆగదు మామ్మా" అన్నారు డాక్టరు గారు. అప్పటికే ఆవిడ ఫోను తీసి కాకినాడలో ఆపరేషన్లు చేసే డాక్టరుకి చేస్తున్నారు. అంబులెన్సు డ్రైవరుని లేపమన్నారు. స్కానింగు మెషీనుకి చక్రాలున్నాయి కాబట్టి మంచం దగ్గరికి వచ్చింది. ఎక్స్‌రేకి లేవు. మనిషే వెళ్ళాలి.

వసారాలోకి వాన జల్లు కొడుతోంది. ముందు శారోన్, వెనక పిల్లాణ్ణి ఎత్తుకుని కీర్తి, ఆ వెనక నాగబాబు. సగం దూరం వచ్చేసరికి నాగబాబు ఆగిపోయేడు. ఆటో స్టాండు మనిషి కదా, అన్నీ విన్నాడు.

"వదినా... నేనిక్కడే ఉంటాను. ఏదన్నా కావాలంటే కేకెయ్యి" అన్నాడు, స్తంభాన్ని కావలించుకున్నంత పని చేసి.

గది లోపల చల్లగా ఉంది. శారోన్ లైటు వేసింది. ప్లేటు తీసి ఇంకోసారి చెరిపింది. సాయంత్రం ఒకసారి చెరిపిందే. ఆ రాత్రి ఇంకెవరికీ ఎక్స్‌రే తియ్యలేదు కూడా. అయినా చెరిపింది.

"చేతులకున్నవన్నీ తీసెయ్యమ్మా. బొమ్మలో అడ్డం పడతాయి."

కీర్తి గాజులు, ఉంగరం తీసి ట్రేలో పెట్టింది.

"ఇంకో మాట. కడుపుతో ఏమైనా ఉన్నావా? ఉంటే నువ్వు పట్టుకోకూడదు, ఈ కిరణాలు కడుపులో బిడ్డకి మంచివి కావు. ఇంకొకరిని పిలుద్దాం."

కీర్తి తలుపు వైపు చూసింది. తలుపు బార్లా తెరిచి ఉంది. వసారాలో మరిది నిలబడి ఉన్నాడు.

"లేదండి" అంది.

శారోన్ ఆమెకి ఏప్రన్ తొడిగింది. పిల్లాణ్ణి బల్ల మీద పక్కకి తిప్పి పడుకోబెట్టి, వెనకాల ప్లేటు నిలబెట్టింది. ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి మోకాళ్ళ మీద, అస్సలు కదలనివ్వద్దు అని చూపించింది. తలుపు దగ్గరగా వేసి, సీసం అద్దం ఉన్న తన చిన్న క్యాబిన్లోకి వెళ్ళింది.

స్విచ్ మీద వేలు పెట్టిందో లేదో... కరెంటు పోయింది.

చిమ్మచీకటి. బయట వసారా రేకుల మీద వాన. పిల్లాడు సన్నగా మూలిగేడు... తర్వాత ఏడుపు అందుకున్నాడు. "పట్టుకునే ఉండమ్మా, జనరేటరు వచ్చేస్తుంది" అని శారోన్ కేకేసింది.

వాన హోరులో ఆ కేక కలిసిపోయింది.

తలుపు కిర్రుమంది. గాలి కాబోలు అనుకుంది. ఆ తర్వాత ఇంకో చప్పుడు... గాజుల చప్పుడు. ఒకటీ రెండూ కాదు, చేతినిండా వేసుకున్న గాజులు కదిలినట్టు, గలగలమని.

పిల్లాడు ఏడుపు ఆపేశాడు.

చెప్తే నవ్వుతారు గానీ, సాలమోను మేష్టారి కూతురు ఆ చీకట్లో "యేసయ్యా" అంది.

జనరేటరు దగ్గి దగ్గి అందుకుంది. లైటు మసగ్గా వెలిగింది. అద్దంలోంచి చూస్తే తల్లి బల్ల మీదకి వంగి ఉంది. ఇటు వీపు. తలమీద కొంగు, పైన ఏప్రన్. పిల్లాడు రాయిలా కదలకుండా ఉన్నాడు. హమ్మయ్య అనుకుంది శారోన్. స్విచ్ నొక్కింది. ఎర్ర బల్బు వెలిగి ఆరింది.

క్యాబిన్లోంచి బయటికొచ్చేసరికి కీర్తి పిల్లాణ్ణి భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. ఏప్రన్ అప్పుడే కొక్కేనికి వేలాడుతోంది. చకచకా కదిలే పిల్లే అనుకుంది శారోన్. ఆలోచించడానికి టైమేదీ? ప్లేటు లాక్కుని మెషీన్లో పెట్టింది. బొమ్మ తెరమీద పైనుంచి కిందికి ఒక్కో గీతా దిగుతోంది.

భుజం వచ్చింది. పక్కటెముకలు వచ్చేయి. భుజం మీద చెయ్యి...

శారోన్ తెర మీదకి వంగింది.

సన్నటి వేళ్ళు. మణికట్టు. మణికట్టు దగ్గర్నుంచి పైదాకా గాజులు. మట్టిగాజులు, ఒకదాని మీద ఒకటి, నిండుగా. బొమ్మ ఇంకా దిగింది. మోకాళ్ళ మీద రెండో చెయ్యి. దానికీ అంతే. సీమంతంలో పేరంటాళ్ళందరూ వేస్తే తప్ప అన్ని గాజులు ఏ ఆడదాని చేతికీ ఉండవు.

ట్రేలోకి చూసింది. కీర్తి గాజులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. తలుపు దగ్గర కీర్తి చేతులు చూసింది. బోసిగా ఉన్నాయి.

ప్లేటు చెరపలేదేమో అనుకోవడానికి లేదు. చెరిపింది తనే.

ఆ చెయ్యి పడిన పిల్లాడు ఇల్లు చేరడని చెప్పిన వాళ్ళ మాటలన్నీ ఒక్కసారిగా చెవుల్లో మోగేయి. శారోన్ బుర్ర వద్దు వద్దంటోంది, గుండె మాత్రం వింటేనా? కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి. పరుగెత్తుకొచ్చిన డాక్టరు గారు భుజం మీంచి తెరకేసి చూసేరు.

"గాలి లేదు! చిల్లు పడలేదు! ఎంత చక్కగా వచ్చిందో, ఇంత కూడా చెదరలేదు." మణికట్టు మీద వేలు పెట్టి చూపించేరు. "గాజులు తీయించలేదేం?"

"తీయించానండి" అంది శారోన్.

డాక్టరు గారు వినిపించుకోలేదు. అప్పటికే వసారా సగం దాటేశారు.

మంచం చుట్టూ లైట్లు పెట్టేరు. తల్లి పిల్లాడి తల నిమురుతోంది. గొట్టంలోంచి వెచ్చటి సెలైన్ మెల్లిగా ఎక్కుతోంది. డాక్టరు గారు ప్రోబ్ పొట్ట మీంచి తియ్యకుండా తెరకేసే చూస్తున్నారు. నల్లటి నీరు పాములా పాకుతూ వచ్చి, ఆ చక్రం దగ్గర ఆగింది.

"కదలదేం..." అన్నారు తనలో తాను.

నీళ్ళు దించేసి, కాస్త ఊపిరి తీసుకోనిచ్చి, మళ్ళీ ఎక్కించేరు. మళ్ళీ ఆగింది. పిల్లాడి పెదాలు పాలిపోయేయి. కనకరత్నం మామ్మ దేవుడి పటం వైపు తిరిగి ఏదో గొణుక్కుంటోంది. శారోన్ పిల్లాడి పాదం పట్టుకుని నిలబడింది. నీకేం కాదురా, ఆ చెయ్యి ఎవరిదైనా సరే నిన్ను వదిలెయ్యమని చెప్తాను అని లోపల్లోపలే బతిమాలుకుంది.

"ఇంకొక్కసారి చూస్తాను. కాకపోతే అంబులెన్సు ఎక్కించేద్దాం" అన్నారు డాక్టరు గారు.

నీరు పాకింది. ఆగింది. చక్రం అలాగే ఉంది... అలాగే... ఉన్నట్టుండి వణికింది. చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. కట్ట తెగినట్టు నీళ్ళు అవతలి పేగులోకి బొళుక్కున దూకేయి. తెరమీద చక్రం లేదు.

"వచ్చేసింది! వచ్చేసిందే తల్లీ!" డాక్టరు గారు చిన్నపిల్లలా అరిచేరు.

కాసేపటికి వెంకటసాయి గారు కళ్ళు తెరిచి, లోకాన్ని చూసి, గుక్కపట్టి ఏడ్చేరు. ఆ ఏడుపు విని అందరూ నవ్వేరు. కీర్తి నవ్వుతూ ఏడ్చింది.

నాగబాబు అన్నకి ఫోను కలుస్తుందేమోనని గేటు దగ్గరికి వెళ్ళేడు. అప్పుడు కీర్తి శారోన్ చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"అక్కా... ఆ ఆయమ్మగారిని ఒకసారి పిలుస్తారా? దణ్ణం పెట్టుకుంటాను."

"ఏ ఆయమ్మ? మామ్మ ఇక్కడే ఉందిగా."

"ఈవిడ కాదండీ. లోపల బాబుని పట్టుకున్నావిడ."

శారోన్ మామ్మకేసి చూసింది.

"లోపల పట్టుకున్నది నువ్వు కదమ్మా..."

కీర్తి తల దించుకుంది. "తప్పయిపోయిందక్కా. మీకు అబద్ధం చెప్పేను. నెల తప్పేను. వీడికి ముందు ఒకసారి తొందరపడి అందరికీ చెప్పేశాను, నిలవలేదు. మూడో నెల దాటేదాకా ఎవరితో అనొద్దని మా అమ్మ ఒట్టేయించుకుంది. మా ఆయనక్కూడా చెప్పలేదు. అక్కడేమో మరిది ఉన్నాడు... నోరు రాలేదు. కరెంటు పోగానే భయం పట్టుకుంది. వీడికోసం లోపలున్న బిడ్డని చంపుకుంటున్నానేమో అనిపించింది. వీణ్ణి వదల్లేను, అక్కడ ఉండలేను. ఏడుస్తున్నాను. అప్పుడు ఎవరో భుజం మీద చెయ్యేశారు."

"ఎవరు?"

"చీకట్లో మొహం కనపళ్ళేదు. ఆవిడకీ కడుపే, నిండు నెలలు. నాకు తగిలింది. నువ్వు బయటికెళ్ళమ్మా, నీ కడుపులో బిడ్డ ఉంది కదా, వీణ్ణి నేను పట్టుకుంటాను అన్నారు. ఏప్రన్ విప్పి తీసుకున్నారు. నేను తలుపు తీసుకుని బయట నిలబడ్డాను. ఎర్ర బల్బు ఆరగానే లోపలికొస్తే, మొహం మీదకి కొంగు లాక్కునే బాబుని నా చేతిలో పెట్టేరు." కీర్తి తన చేతులు చూసుకుంది. "చేతులు మంచులా ఉన్నాయక్కా. గాజులు కూడా."

"తర్వాత ఎటు వెళ్ళింది?" గుసగుసగా అడిగింది శారోన్.

"మీరున్న గదిలోకి కదండీ..."

శారోన్ వసారా తలుపుకేసి తిరిగి చూసింది. వెనకాల కనకరత్నం మామ్మ అలాగే నేల మీద చతికిలబడింది. ఎన్నాళ్ళనుంచి దాచుకున్న మాటో, అప్పుడు బయటపెట్టింది.

"పలివెల నుంచి వచ్చిందమ్మా ఆ పిల్ల. మంచం దగ్గరికి వచ్చే ఈ మెషీన్లు అప్పుడు లేవు. ఆ ఉదయమే సీమంతం చేసేరు. సాయంత్రం పెద్ద పిల్లాడికి ఆయాసం వచ్చి, ఆ గాజులతోటే, ఆ పట్టుచీరతోటే ఎత్తుకొచ్చింది. కడుపుతో ఉన్నావు, లోపలికి రాకూడదన్నారు. న్యాయమే కదా. పిల్లాణ్ణి వేరేవాళ్ళు పట్టుకున్నారు. కొత్త మొహాలు చూసి వాడు అమ్మా అమ్మా అని ఒకటే ఏడుపు. ఇది బయట తలుపు బాదుతోంది, గాజులు పగిలి చేతులు రక్తాలు... ఆ బల్ల మీదే పోయేడమ్మా వాడు. చివరికి తల్లి చెయ్యి తగల్లేదు. నెల తిరక్కుండా పురిట్లో ఇదీ పోయింది."

బయట వాన సన్నబడింది.

"మరి... లాక్కుపోవడానికి వస్తుందన్నారు?" అంది శారోన్.

"మేమే అన్నాం. భయపడి అన్నాం" అంది మామ్మ, కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

ఇంతలో డాక్టరు గారు చేతులు తుడుచుకుంటూ వచ్చేరు. ఈ మాటలేవీ ఆవిడ చెవిన పడలేదు. "నీళ్ళ ఒత్తిడికి ఎక్కడైనా పేగు చిరిగిందేమో చూసేసుకుందాం శారోన్. ఇంకొక్క ఎక్స్‌రే. అది బాగుంటే ఇక భయం లేదు, పాలు పట్టుకోవచ్చు."

కీర్తి పట్టుకోకూడదు. ఆ సంగతి ఇప్పుడు శారోన్‌కి తెలుసు. నాగబాబుని అడిగితే ఆటోకి టైరు చూసుకోవాలన్నాడు. టైరుకేమైందో ఆ భగవంతుడికే తెలియాలి.

"నేనొస్తాను పద" అంది కనకరత్నం మామ్మ.

శారోన్ తెల్లబోయింది. మామ్మ కొంగు నడుముకి దోపుకుంది. పిల్లాణ్ణి ఎత్తుకుని, ఇన్నేళ్ళుగా రాత్రిపూట అడుగు పెట్టని ఆ వసారాలోకి నడిచింది.

శారోన్ ప్లేటు చెరిపింది. మామ్మకి ఏప్రన్ తొడిగింది. కొక్కెం మీంచి తీస్తుంటే చల్లగా తగిలింది. బల్ల మీద పడుకోబెట్టేసరికి వెంకటసాయి ఓపిక వచ్చినవాడు కదా, కాళ్ళు చేతులు కొట్టుకుంటూ గది పీకి పందిరేస్తున్నాడు. ఈవిడ ముసలి చేతులకి లొంగే రకం కాదు. ఈ ఎక్స్‌రే చెదిరితే పేగు సంగతి తేలదు అనుకుంటూనే శారోన్ క్యాబిన్లోకి వెళ్ళింది.

ఏడుపు టక్కున ఆగిపోయింది.

శారోన్ తలెత్తి అద్దంలోంచి చూసింది.

కనకరత్నం మామ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. రెండు చేతులూ జోడించి ఉన్నాయి. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

బల్ల మీద బాబు బుద్ధిగా పక్కకి తిరిగి ఉన్నాడు. భుజం కదలటం లేదు. మోకాళ్ళు కదలటం లేదు. ఎవరూ లేని చోటికి కళ్ళెత్తి చూస్తూ బోసినోటితో నవ్వుతున్నాడు.

శారోన్ స్విచ్ మీద వేలు పెట్టింది.

"కాస్త అలాగే పట్టుకో అక్కా" అంది. స్విచ్ నొక్కింది.